కొత్త క్యాంపింగ్ కత్తిని పరీక్షించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా ఫిక్స్‌డ్ బ్లేడ్ కత్తి, అంటే మడవడానికి వీల్లేని కత్తి, కొన్నవాళ్లు మొదట అడిగేది ఉక్కు గురించి. నన్నడిగితే ఉక్కు సంగతి మూడోది. ముందు పిడి, తర్వాత ఒర. ఈ రెండూ కుదరని కత్తి ఎంత మంచి ఉక్కుతో చేసినా సంచి అడుగునే పడి ఉంటుంది. కింది జవాబులన్నిటి వెనకా ఈ పట్టుదల ఉంది, తెలిసే చదవండి.

మాటల గురించి ఒక్క ముక్క. పిడి పోగా మిగిలిన ఇనుప భాగాన్ని అలుగు అంటున్నాను. తెగే అంచు వాదర. దానికి ఎదురుగా మొద్దుగా ఉండే పై అంచు వెన్ను. వాదర కోసం రెండు పక్కలా ఏటవాలుగా నూరిన భాగం వాలు.

కత్తి ఇప్పుడే చేతికొచ్చింది. ముందు ఏం చేయాలి?

ఏమీ కోయకండి. ఒక్కసారి కట్టె మీద పెట్టారంటే అది వాడిన కత్తి అయిపోతుంది, లోపం ఉందని తిప్పి పంపడం కష్టమవుతుంది. ముందు మంచి వెలుతురులో కూర్చుని చూడండి.

పిడిని కంటి దగ్గర, మొనను అవతలికి ఉంచి ఒక కన్ను మూసి వెన్ను వెంట చూడండి. వడ్రంగి బద్ద వంకర చూసుకునే పద్ధతే ఇది. అలుగు ఒక పక్కకు వంగి ఉంటే అక్కడే తెలిసిపోతుంది. తర్వాత వాదరను పైకి తిప్పి దీపం కింద పట్టి మెల్లగా అటూ ఇటూ కదపండి. పదునైన వాదర మీద వెలుగు నిలవదు. ఎక్కడైనా తెల్లటి చుక్కో గీతో మెరిసిందంటే అక్కడ వాదర మడత పడిందనో, పెచ్చు లేచిందనో, అసలు సరిగ్గా నూరలేదనో అర్థం. చిన్న మెరుపు సానరాయికి లొంగుతుంది. పెద్ద పెచ్చు మాత్రం తిప్పి పంపాల్సిన సంగతే.

రెండు పక్కల వాలూ సుమారుగా ఒకే వెడల్పులో ఉన్నాయా చూడండి. వెంట్రుకవాసి తేడాలు యంత్రం మీద చేసిన కత్తుల్లో మామూలే, వాటి గురించి నిద్ర పాడుచేసుకోవద్దు. పిడి చెక్కలకూ లోపలి ఇనుముకూ మధ్య గోరు దూరేంత సందు ఉంటే మాత్రం ఒప్పుకోకండి. ఆ సందులో నీళ్లు చేరి, కంటికి కనపడని చోట తుప్పు మొదలవుతుంది.

చివరగా సబ్బునీళ్లతో కడిగి తుడవండి. కర్మాగారం నుంచి వచ్చే కత్తుల మీద తుప్పు పట్టకుండా నూనె పూస్తారు, అది తినే వస్తువులకు అంటేది కాదు.

మడతకత్తి ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?

చాలామందికి నిజంగానే అక్కర్లేదు. తాడు కోయడం, పొట్లం చింపడం, పండు ముక్కలు చేయడం ఇవే మీ పనులైతే మడతకత్తి చాలు. కదిలే కీలు లేకపోవడమే ఫిక్స్‌డ్ బ్లేడ్ బలం. ఒత్తి చెక్కినా, వెన్ను మీద కర్రతో కొట్టినా వేళ్ల మీదికి మడుచుకునే భయం ఉండదు. మట్టి, ఇసుక దూరడానికి సందులుండవు, కడగడం తేలిక. చలికి వేళ్లు కొంకర్లు పోయినప్పుడు గోటితో అలుగును బయటికి లాగే పనీ లేదు. దీనికి మూల్యం బరువు, ఒర వేలాడే ఇబ్బంది.

పిడిని ఎలా పరీక్షించాలి?

అంగడిలో నిమిషం సేపు పట్టుకుంటే ఏ పిడైనా బాగానే ఉంటుంది. అసలు సంగతి ఇరవై నిమిషాల తర్వాత బయటపడుతుంది. బొటనవేలి లావు పుల్ల తీసుకుని ఆపకుండా చెక్కండి: మొన తేల్చండి, గాడి పెట్టండి, బెరడు ఒలవండి. తర్వాత అరచేయి చూసుకోండి. ఎర్రగా కమిలిన చోట్లు ఉంటే పిడి అక్కడ ఒత్తుతోందన్నమాట. మరో గంట చెక్కితే అక్కడే బొబ్బ లేస్తుంది.

ఎక్కువగా తప్పు పిడి అంచుల మూలల్లో ఉంటుంది. చెక్క, మైకార్టా పిడి అయితే 400 నంబరు గరుకు కాగితంతో ఆ మూలలు గుండ్రం చేసుకోవచ్చు. మైకార్టా అంటే గుడ్డ లేదా కాగితం పొరలను రెజిన్‌లో తడిపి, ఒత్తి గట్టిపరిచిన పదార్థం. తడిస్తే పట్టు పెద్దగా తగ్గదు, అందుకే నాకు ఇష్టం. జీ-10 కూడా అలాంటిదే, గాజుపీచుతో చేస్తారు. దాన్ని గీకేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముక్కుకు మాస్కు పెట్టుకుని తడిపి గీకాలి. రబ్బరు పిడి ఎలా వచ్చిందో అలాగే వాడుకోవాలి.

రెండో పరీక్ష జారుడుది. కత్తి ఒరలోనే ఉండాలి, ఇది మరిచిపోవద్దు. చేతికి సబ్బునీళ్లు పూసుకుని, ఒర మొనను మడతపెట్టిన దుప్పటి మీద ఆనించి గట్టిగా నొక్కండి. చేయి ముందుకు జారిందా? ఒర లేకపోతే అది జారేది వాదర మీదికే. పిడి ముందు చిన్న అడ్డు గానీ, వేలికి ఆనే వంపు గానీ ఉన్న కత్తులు ఇక్కడ నెగ్గుతాయి. తడి చేతులతో చేప శుభ్రం చేసేవాళ్లకు ఇది తప్పనిసరి పరీక్ష.

చలి ప్రాంతాలకు వెళ్లేవాళ్లు చేతొడుగులు వేసుకుని ఇవన్నీ మళ్లీ చేయాలి. ఒట్టి చేతిలో కుదిరిన సన్న పిడి దళసరి చేతొడుగులో తిరిగిపోతుంది.

ఒరకు అంత ప్రాధాన్యం ఎందుకు?

రోజంతా మీ ఒంటి మీద ఉండేది ఒరే. కత్తి బయటికొచ్చేది కాసేపు.

కింద మెత్తటి నేల ఉన్నచోట, కాళ్లు దూరంగా పెట్టి, ఒరను తలకిందులు చేసి గట్టిగా విదిలించండి. కత్తి జారితే ఆ ఒరను నమ్మొద్దు. రాళ్ల మీద జారి పడ్డప్పుడు నడుముకు ఉన్న కత్తి ఒరలోంచి ఊడిరావడం కంటే చెడ్డ సంగతి లేదు. అలాగని రెండు చేతులతో పీకాల్సినంత బిగుతూ పనికిరాదు. బిగుతు కత్తి ఒక్కసారిగా ఊడి, చేయి ఎటు పోతుందో తెలియదు. బొటనవేలితో ఒర అంచును తోస్తే టక్కున వదలాలి, మళ్లీ పెడితే టక్కున పట్టాలి.

కత్తి తీసేటప్పుడు, పెట్టేటప్పుడు ఒరను వాదర వైపు వేళ్లతో చుట్టి పట్టుకోకండి. తోలు ఒర కుట్టు లోపలి నుంచి తెగిపోయి ఉండొచ్చు. నా ఎడమ చూపుడువేలి మీద మచ్చ అలా వచ్చిందే. కుట్టు తెగిందని నాకు రక్తం చూశాకే తెలిసింది.

తోలు ఒర చప్పుడు చేయదు, చూడముచ్చటగా ఉంటుంది, కానీ తడి పీల్చి దాచుకుంటుంది. పచ్చి తోలును శుద్ధి చేసేటప్పుడు వాడిన పదార్థాలు, ఆ తడి కలిసి అలుగుకు తుప్పు, ఇత్తడి రివెట్లకు పచ్చటి చిలుము తెస్తాయి. అందుకే ఇంట్లో కత్తిని ఒరలోంచి తీసి విడిగా ఉంచుతారు. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ ఒర తడి పీల్చదు, విదిలించినా వదలదు, కానీ లోపల ఇసుక చేరితే తీసిన ప్రతిసారీ అలుగు మీద గీతలు పడతాయి. అడుగున నీళ్లు కారే రంధ్రం ఉందో లేదో చూసుకోండి.

ఇక నడిచేవాళ్లు తరచూ మరిచిపోయేది: బరువు సంచికి నడుము పట్టీ ఉంటుంది. అది సరిగ్గా ఒర ఉండే చోటే కూర్చుంటుంది. సంచి నింపి, పట్టీ బిగించి, కత్తి పెట్టుకుని ఇంట్లోనే పది నిమిషాలు నడవండి, కూర్చోండి, మెట్లెక్కండి. పిడి పక్కటెముకల్లో గుచ్చుకుంటే ఒర వేలాడే పద్ధతి మార్చాలి. సంచి భుజం పట్టీకి బిగించుకునేవాళ్లూ ఉన్నారు, జేబులో వేసుకునేవాళ్లూ ఉన్నారు. ఎడమచేతివాటం వాళ్లు ఒర తిప్పి బిగించుకునే వీలుందా అన్నది కొనేముందే అడగాలి.

పదును ఎలా చూడాలి? చేతి మీద వెంట్రుకలు గీస్తే సరిపోతుందా?

అది చూసేవాళ్ల కోసం చేసే పని. వెంట్రుకలు గీయడానికి వాదరలో ఒక సెంటీమీటరు పదునుగా ఉన్నా చాలు, మిగతా తొమ్మిది సెంటీమీటర్ల సంగతి దాంతో తెలియదు. కాగితం మేలు. పలచటి కాగితాన్ని ఒక అంచు దగ్గర వేలాడేలా పట్టుకుని, పిడి దగ్గర నుంచి మొనదాకా వాదరంతా తగిలేలా ఒక్క కోత కోయండి. ఎక్కడ చిరిగినా, ఎక్కడ కొక్కెంలా పట్టినా ఆ చోటు గుర్తుపెట్టుకోండి. ఇందాక దీపం కింద మెరిసిన చోటు అదే అయి ఉండాలి.

తర్వాత తాడు. వేలి లావు తాడును చెక్క మీద పెట్టి, రంపంలా లాగకుండా ఒక్క ఒత్తుతో కోసి చూడండి. ముప్పై నలభై కోతలయ్యాక మళ్లీ కాగితం. మొదట్లో సర్రున తెగిన కాగితం ఇప్పుడు కాస్త గరగరలాడుతుంది. ఎన్ని కోతలకు ఆ తేడా వచ్చిందో రాసిపెట్టుకుంటే ఇంకో కత్తితో పోల్చడానికి పనికొస్తుంది. ఒక్క కత్తితో చేస్తే ఆ అంకెకు అర్థం లేదు. మీ పాత కత్తితో, అదే తాడుతో, అదే రోజు చేయండి.

కట్టె మీద మొదటి పని ఏది పెట్టాలి?

ఫెదర్ స్టిక్. ఎండిన పుల్ల మీద చిత్రికపొట్టులాంటి చుట్టలు తేల్చి, వాటిని పుల్ల నుంచి ఊడిపోకుండా గుత్తిగా నిలబెట్టడం. వానలో నిప్పు రాజేయాల్సి వచ్చినప్పుడు ఇదే దిక్కు. కత్తి గుణం, మీ చేతి గుణం రెండూ ఒకేసారి బయటపెట్టే పని కూడా ఇదే.

ముడులు లేని, నార తిన్నగా ఉన్న మెత్తటి కట్టె తీసుకోండి. రెండు మూడు సెంటీమీటర్ల మందం, జానెడున్నర పొడవు చాలు. ఒక కొన నేల మీద గానీ మొద్దు మీద గానీ ఆనించండి. మణికట్టు బిగించి, భుజంతో కిందికి తోయండి. వాదరలో పిడికి దగ్గరగా ఉన్న భాగం వాడండి, బలం అక్కడే ఎక్కువ. చుట్ట మరీ మందంగా వస్తే కత్తిని ఇంకాస్త పడుకోబెట్టండి.

ఇక్కడ వాలు ఆకారం తేడా చూపిస్తుంది. స్వీడన్, ఫిన్లాండ్ కత్తుల్లో కనిపించే స్కాండి వాలు వెడల్పుగా, తిన్నగా ఉంటుంది. దాన్ని కట్టె మీద పడుకోబెడితే ఏ కోణంలో తోయాలో అదే చెబుతుంది, కొత్తవాళ్లకు కూడా పది నిమిషాల్లో చుట్టలు వచ్చేస్తాయి. వెన్ను నుంచి వాదర దాకా సన్నగిల్లే ఫుల్ ఫ్లాట్ అలుగుకు కోణం మీరే పట్టుకోవాలి. బయటికి ఉబ్బిన కాన్వెక్స్ వాదర చెక్కేటప్పుడు కొంచెం జారినట్టుంటుంది, అలవాటయ్యాక వంపు చుట్టలు దాంతోనే అందంగా వస్తాయి. మొదటిరోజు చుట్టలు రాలేదని కత్తిని తిట్టకండి. పాత కత్తితో ఒకటి చేసి చూడండి, తప్పు ఎవరిదో తెలిసిపోతుంది.

తర్వాత గాళ్లు. తాడు జారకుండా పుల్లకు గాడి, గుడారం మేకుకు మెడ. గాడిని అడ్డంగా నొక్కి, రెండు వైపుల నుంచి ఏటవాలుగా చెక్కుతారు. ఇవి నాలుగు పెట్టేసరికి మొన దగ్గర అలుగు మరీ లావుగా ఉందా అన్నది తేలిపోతుంది.

కర్రతో వెన్ను మీద కొట్టి కట్టె చీల్చొచ్చా? కత్తి విరగదా?

దీన్ని బేటనింగ్ అంటారు. దీని మీద జరిగే వాదనలకు అంతుండదు. కట్టె చీల్చడానికి గొడ్డలి ఉంది, కత్తి అందుకు పుట్టలేదు అన్నది ఒక పక్షం. గొడ్డలి మోయని రోజు వాన పడితే కట్టె లోపలి ఎండు భాగం ఎలా తీస్తావన్నది రెండో పక్షం. నేను రెండో పక్షమే, కానీ మణికట్టు లావు కట్టె దాకానే.

కట్టె మందం కంటే అలుగు కనీసం మూడు సెంటీమీటర్లు పొడుగు ఉండాలి, ఎందుకంటే అలుగు కట్టెలోకి దిగాక మీరు కొట్టేది అవతల పొడుచుకొచ్చిన మొన వైపునే. పది సెంటీమీటర్ల అలుగుకు ఏడు సెంటీమీటర్ల కట్టె హద్దు. కట్టెను మొద్దు మీద నిలబెట్టండి, నేల మీద కాదు. దాటి దిగిన అలుగు రాయికి తగిలితే వాదర పోతుంది. కొట్టేది కర్రతోనే. రాయి, సుత్తి వాడితే వెన్ను చితుకుతుంది, పెచ్చులు కంటికి ఎగరొచ్చు. పిడిని వదులుగా, నేలకు సమాంతరంగా పట్టుకోవాలి. పిడి మీద కొట్టకూడదు.

కత్తులు ఎక్కువగా విరిగేది దెబ్బకు కాదు, మెలికకు. ఇరుక్కున్న అలుగును పక్కకు వంచి ఊడబెరకాలని చూస్తారు, అక్కడ టప్‌మంటుంది. ఇరుక్కుంటే సన్న చీలిక ఒకటి మేకులా దిగ్గొట్టి సందు పెంచండి. ముడి ఉన్న కట్టె అసలు ముట్టుకోవద్దు. గడ్డకట్టే చలిలో ఉక్కు పెళుసెక్కుతుంది, కట్టె కూడా రాయిలా బిగుస్తుంది, అప్పుడు ఇంకా జాగ్రత్త.

పరీక్షగా ఒక్క కట్టె చీల్చి ఆపండి. మళ్లీ వెన్ను వెంట చూడండి, దీపం కింద వాదర చూడండి, పిడిని చెవి దగ్గర పెట్టి తట్టండి. గిలకలాడే చప్పుడు కొత్తగా వచ్చిందంటే లోపల ఏదో వదులైంది.

ఫుల్ టాంగ్ కాని కత్తి పనికిరాదంటారు. నిజమేనా?

పిడిలోకి వెళ్లే ఇనుప తోకను టాంగ్ అంటారు. అది పిడి వెడల్పంతా, పొడవంతా ఉంటే ఫుల్ టాంగ్. బలంలో అదే మేటి, అందులో అనుమానం లేదు. కానీ అది లేనిదే కత్తి కాదన్న మాట చరిత్రకు నిలవదు. 1942లో అమెరికా మెరైన్ దళం తీసుకున్న, కా-బార్ పేరుతో అందరికీ తెలిసిన కత్తికి తోలు బిళ్లల పిడిలోంచి వెళ్లేది సన్న టాంగే. ఫిన్లాండ్ పూక్కో కత్తులదీ అదే పద్ధతి. స్వీడన్‌లోని మోరాలో 1891 నుంచి కత్తులు చేస్తున్న మోరాక్నివ్ వారి కంపానియన్ మోడల్‌లో టాంగ్ పిడి చివరిదాకా కూడా వెళ్లదు, అయినా లక్షణంగా పనిచేస్తుంది.

సన్న టాంగ్ వల్ల లాభాలూ ఉన్నాయి: పిడి తేలిక, చలిలో ఇనుము చేతికి తగలదు. బేటనింగ్ ఎక్కువ చేస్తాననుకుంటేనే ఫుల్ టాంగ్ పట్టుపట్టండి.

ఎంత పొడవు, ఎంత మందం?

పొడవు తొమ్మిది నుంచి పన్నెండు సెంటీమీటర్ల మధ్య. అంతకంటే పొడుగైతే సన్న పనులు చేతకావు.

మందం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మోసపోయేది ఇక్కడే. కంపానియన్ అలుగు మందం 2.5 మి.మీ. స్వీడన్ వైమానిక దళ పైలట్లకు 1995లో ఎంపికైన ఫాల్క్‌నివెన్ ఎఫ్1 మందం 4.5 మి.మీ. బెకర్ బీకే2 అనే భారీ కత్తి పావు అంగుళం, అంటే 6 మి.మీ. దాటుతుంది. చేతిలో పట్టుకుంటే బీకే2 కొండంత ధైర్యం ఇస్తుంది. దాంతో ఉల్లిపాయ కోయండి, ముక్క తెగడానికి ముందే రెండుగా పగులుతుంది. ఎఫ్1 తక్కువ మందమేమీ కాదు, కానీ అది కూలిన విమానంలోంచి బయటపడాల్సిన మనిషికి ఆలోచించి చేసిన కత్తి. మీరు వెళ్లేది రెండు రాత్రుల క్యాంపుకు. నడిచే మనిషికి 3 మి.మీ. అటూ ఇటూ చాలు.

కార్బన్ స్టీలా, స్టెయిన్‌లెస్సా?

తడిలో, సముద్రం పక్కన తిరిగేవాళ్లు, తుడవడానికి బద్ధకించేవాళ్లు స్టెయిన్‌లెస్ తీసుకోండి. మిగతావాళ్లు ఏదైనా తీసుకోండి.

కారణం కావాలంటే: ఉక్కులో క్రోమియం సుమారు 10.5 శాతం దాటితే పైన కంటికి కనపడని క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. 1095 అనే కార్బన్ స్టీల్‌లో కార్బన్ సుమారు 0.95 శాతం ఉంటుంది, క్రోమియం దాదాపు ఉండదు. నూరడం తేలిక, తుప్పూ తేలిక. డీ2 అనే ఉక్కులో క్రోమియం సుమారు 12 శాతం ఉన్నా పూర్తి స్టెయిన్‌లెస్ కాదు, ఎందుకంటే ఒకటిన్నర శాతం కార్బన్ ఆ క్రోమియంలో చాలా భాగాన్ని కార్బైడ్లనే గట్టి రేణువులుగా పట్టేసుకుంటుంది.

ఇక పెట్టె మీద రాసే హెచ్‌ఆర్‌సీ అంకె. వజ్రపు శంకువును ఉక్కులోకి నొక్కి, ఎంత లోతు దిగిందో చూసి ఇచ్చే గట్టిదనపు కొలత అది. క్యాంపింగ్ కత్తులు ఎక్కువగా 55 నుంచి 61 మధ్య ఉంటాయి. అంకె పెరిగితే పదును నిలుస్తుంది, పెచ్చులేచే భయమూ పెరుగుతుంది. 58 దగ్గర ఉన్న కత్తి తీసుకుని ఈ చర్చ వదిలేయొచ్చు.

ఫెర్రో రాడ్ (నిప్పురవ్వలు పుట్టించే కడ్డీ) గీయడానికి ఏ కత్తైనా పనికొస్తుందా?

వెన్ను మూల 90 డిగ్రీల్లో కోసినట్టుంటేనే. ఆ మూలతో గోటిని మెల్లగా గీకి చూడండి. తెల్లటి పొడి లేస్తే సరే, జారిపోతే గుండ్రంగా ఉన్నట్టు. 1903లో ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ పేటెంటు తీసుకున్న ఫెర్రోసీరియం మిశ్రమమే ఈ రాడ్. చెకుముకి రాయిలా కొడితే పని జరగదు, పదునైన మూలతో దాని ఒంటి మీంచి రేణువులు గీకాలి. ఆ రేణువులే గాలిలో మండి రవ్వలవుతాయి. కొత్త రాడ్ మీద నల్ల పూత ఉంటుంది, ముందు అది పోగొట్టాలి. కత్తిని కదలకుండా పట్టి రాడ్‌ను వెనక్కి లాగితే, పేర్చిన పొట్టు చెదరదు.

వాదరతో మాత్రం గీకకండి. రవ్వలు బాగానే వస్తాయి, వాదర పోతుంది.

వెన్ను గుండ్రంగా ఉంటే డైమండ్ ప్లేట్ (వజ్రపు పొడి అద్దిన సానపలక) మీద చదును చేసుకోవచ్చు. అయితే మూల పదునెక్కిన వెన్ను మీద బొటనవేలు పెట్టి నొక్కి చెక్కితే నొప్పి పుడుతుంది. అందుకే నేను మొన వైపు సగమే చదును చేసి, పిడి దగ్గర గుండ్రంగా వదిలేశాను.

విసరడం, తవ్వడం, మూత పెళ్లగించడం?

వద్దు. మొన విరిగాకే దాని విలువ తెలుస్తుంది. తవ్వడానికి కర్ర చెక్కుకోండి, కత్తి ఉన్నదే అందుకు.

కొత్త కత్తిని ఎప్పుడు నూరాలి?

మొదటి క్యాంపుకు వెళ్లేముందే ఒకసారి. చాలామంది కర్మాగారం ఇచ్చిన పదును పోయేదాకా ఆగుతారు. నా లెక్కలో ఒక కత్తి గురించి తీర్పు చెప్పాల్సింది రెండోసారి నూరాక. కర్మాగారంలో వేగంగా తిరిగే బెల్టు మీద పొడిగా నూరినప్పుడు వాదర చివర వేడెక్కి మెత్తబడొచ్చు. ఆ పలచటి పొర అరిగిపోయి లోపలి ఉక్కు బయటపడ్డాక అదే కత్తి పదును ఎక్కువ కాలం నిలుపుతుంది. మొదటి వారంలోనే "పదును నిలవట్లేదు" అని పక్కన పడేసిన కత్తుల్లో కొన్ని ఇలాంటివే.

వాలు మీద మార్కర్ పెన్నుతో రంగు పూయండి. వెయ్యి నంబరు రాయి మీద రెండు మూడు సార్లు లాగి చూడండి. రంగు వాదర చివరిదాకా పోతే కోణం సరే. వెన్ను వైపే పోతే కత్తిని కొంచెం లేపాలి, చివరన మాత్రమే పోతే పడుకోబెట్టాలి. స్కాండి వాలుకు ఈ బాధ లేదు, వాలంతా రాయికి ఆనించి తోయడమే. ఒక వైపు నూరాక రెండో వైపు వేలితో అడ్డంగా, వాదర నుంచి బయటికి తడిమితే సన్న మడత తగులుతుంది. దాన్ని బర్ అంటారు. పిడి నుంచి మొనదాకా అది తగిలితేనే రెండో వైపుకు మారండి. చివర్లో తోలు పట్టీ మీద వెన్ను ముందు పోయేలా పదిసార్లు లాగితే బర్ రాలిపోతుంది.

సందులో పెట్టి లాగే చవక పరికరాలు అడవిలో గత్యంతరం లేనప్పుడు సరే. ఇంట్లో ఉన్నప్పుడు రాయే.

అలుగు నీలంగా, బూడిద రంగుగా మారింది. పాడైందా?

లేదు. కార్బన్ స్టీల్ పండ్ల పులుపు తగిలి అలా మారుతుంది. దాన్ని పటినా అంటారు, ఎర్ర తుప్పును కొంతవరకు ఆపుతుంది. ఎర్రగా పొడి రాలితేనే తుప్పు. నూనె రాసిన మెత్తటి ఇనుప పీచుతో రుద్ది, కడిగి, ఆరబెట్టి, తినడానికి పనికొచ్చే మినరల్ ఆయిల్ ఒక చుక్క పూయండి. వంటనూనె పూయొద్దు, కొన్నాళ్లకు జిగటగా మారుతుంది.

గాయాలు కాకుండా ఏ నియమాలు?

చేయి చాపి, ఒరలో ఉన్న కత్తితో చుట్టూ తిరగండి. ఆ వలయంలో మనిషి ఉంటే కత్తి తీయకూడదు. కూర్చుని చెక్కేటప్పుడు మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, మోకాళ్లకు అవతల చెక్కాలి. తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది, ఒళ్లో పెట్టుకుని చెక్కడం అందుకే ప్రమాదం. జారిన కత్తిని పట్టుకోవాలని చూడకండి, పడనివ్వండి. పని ఆపిన ప్రతిసారీ కత్తి ఒరలోకి వెళ్లాలి, "ఒక్క నిమిషమే కదా" అని దుంగ మీద పెట్టొద్దు.

తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, పది నిమిషాల పాటు ఎత్తి చూడకుండా పట్టుకోండి. రక్తం చిమ్ముతూ, అదిమినా ఆగకపోతే గాయానికి పైన, గుండె వైపు, ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల దూరంలో టోర్నికే (రక్తం ఆపే బిగింపు పట్టీ) బిగించి, బిగించిన సమయం రాసి, వెంటనే సాయం కోసం కబురు పెట్టాలి. చీకటి పడ్డాక, అలసిపోయాక చెక్కడం మానుకుంటే ఈ పేరా అవసరం చాలావరకు రాదు.

ప్రయాణంలో వెంట తీసుకెళ్లొచ్చా?

విమానంలో చేతి సంచిలో కుదరదు. ఒరలో పెట్టి, గుడ్డ చుట్టి, చెకిన్ సామానులో వేయాలి. నేల మీద నియమాలు దేశానికొక తీరు: కొన్ని చోట్ల అలుగు పొడవు చూస్తారు, కొన్ని చోట్ల కత్తి వెంట ఉండడానికి సరైన కారణం అడుగుతారు, కొన్ని ఉద్యానవనాల్లో అసలు ఒప్పుకోరు. బయల్దేరేముందు అక్కడి చట్టం చదవండి. ఊళ్లోంచి వెళ్లేటప్పుడు నడుముకు కట్టుకోకుండా సంచి లోపల పెట్టుకోండి.

పిడి నల్లదా, నారింజ రంగుదా?

నారింజ. నాకు నల్లది, ఆకుపచ్చది అందంగా కనిపిస్తాయి, అందుకే నల్లది కొన్నాను. ఒక సాయంత్రం పుల్లలు చెక్కుతూ మధ్యలో లేచి, కత్తిని పక్కనే ఆకుల్లో పెట్టాను. పైన రాసిన నియమం నాకు అప్పటికీ తెలుసు. తిరిగొచ్చేసరికి ఎక్కడ పెట్టానో తెలియలేదు. టార్చి పట్టుకుని, అడుగు తీసి అడుగు వేయడానికి భయపడుతూ నలభై నిమిషాలు వెతికాను. కాలి కిందికి ఏ వైపు నుంచి వస్తుందో అనే భయం కత్తి పోతుందనే బాధను మించిపోయింది. ఇప్పుడు దాని పిడి రంధ్రంలో జానెడు నారింజ తాడు వేలాడుతూ ఉంటుంది.